మనోడా, బయటోడా అన్నది తప్పు ప్రశ్న

అంతర్జాతీయ సహాయ సంస్థలు, ఐక్యరాజ్యసమితి విభాగాలు ఇచ్చే ఉద్యోగ ప్రకటనల చివర ఒక వాక్యం ఉంటుంది: భిన్న సంస్కృతుల ప్రజలతో కలిసి పనిచేయగల నేర్పు తప్పనిసరి. నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల్లో ఎంఎస్‌డబ్ల్యూయో నర్సింగో పూర్తిచేసి ఇలాంటి కొలువులకు దరఖాస్తు పెట్టుకునే సింగరేణి కార్మికుల పిల్లలు తరచూ అడిగేది ఈ వాక్యం గురించే. డిగ్రీకి సర్టిఫికెట్ ఉంది, అనుభవానికి లెటర్ ఉంది, ఈ నేర్పుకు ఏం జత చేయాలి సార్ అని. సంస్థల వైపు నుంచి అదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. భూకంపమో, వరదో, రోగమో వచ్చి పోయాక జరిగే సమీక్షల్లో, డబ్బు అందింది, మందులు అందాయి, మనుషులే అతకలేదు అన్న మాట పదేపదే వినబడుతుంది. అతికే మనుషులను పట్టుకోవడం ఎలా, దొరకకపోతే తయారుచేసుకోవడం ఎలా అన్న మీమాంస ఈ రంగంలో అరవై ఏళ్ళుగా నలుగుతూనే ఉంది.

ప్రస్తుతం చలామణిలో ఉన్న జవాబు 'స్థానికీకరణ'. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో పెద్ద దాతలు, సంస్థలు కలిసి 'గ్రాండ్ బార్గెయిన్' అనే ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2020 నాటికి సహాయ నిధుల్లో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలన్నది లక్ష్యం. గడువు దాటింది, లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2021లో తానూ అదే 25 శాతం మాట ఇచ్చింది. 2025 జూలై వచ్చేసరికి ఆ సంస్థే లేకుండా పోయింది. తెలంగాణ వాళ్ళకు ఈ చర్చ వింటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 1919 ముల్కీ ఫర్మానా, 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 1985 నాటి 610 జీవో... మనోడా, బయటోడా అన్న గీత దగ్గర మన పెద్దలు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ ఇచ్చారు. కొలువుల పంపకంలో న్యాయం అడగడానికి ఆ గీత పనికొచ్చింది, అందులో సందేహం లేదు. ఎదుటి మనిషి గోడు అర్థమయ్యే ఉద్యోగిని గుర్తించడానికి కూడా అదే గీత సరిపోతుందా అన్నది వేరే సంగతి. సరిపోదనే నా అభిప్రాయం.

స్థానికుల పక్షాన ఉన్న వాదన బలమైనదే. 2010 హైతీ భూకంపం తర్వాత సహాయ సమన్వయ సమావేశాలు రాజధానిలో ఐక్యరాజ్యసమితి స్థావరం ప్రహరీ లోపల, చాలావరకు ఇంగ్లిషులో జరిగాయి. ఆ దేశం మాట్లాడేది క్రియోల్. దేశం వాళ్ళది, శవాలు వాళ్ళవి, సమావేశం మాత్రం వాళ్ళది కాకుండా పోయింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు, శవాన్ని కడిగి సాగనంపే ఆచారం వల్ల రోగం పాకుతోందని వైద్యులు సరిగ్గానే పసిగట్టారు. కానీ ముఖాలు కూడా కనబడని సూట్లలో మనుషులు దిగి, శవాన్ని సంచిలో వేసి ఎత్తుకుపోతుంటే ఇంటివాళ్ళు రోగులను దాచిపెట్టడం మొదలుపెట్టారు. మానవశాస్త్రజ్ఞులను, మతపెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది నవంబరులో 'సురక్షిత, గౌరవప్రద ఖననం' నియమావళిని తెచ్చాకే ఊళ్ళతో మాట కలవడం మొదలైంది. శవాన్ని తాకకుండానే కుటుంబం ప్రార్థన చేసుకోవచ్చు, సమాధి ఎక్కడో తెలుసుకోవచ్చు. ఇంత చిన్న సవరణకు అన్ని నెలలు పట్టింది.

అయితే అదే ఎబోలా కథలో రెండో వైపు ఉంది. గినీ దేశంలోని వోమే గ్రామానికి 2014 సెప్టెంబరులో అవగాహన కల్పించడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని ఊరివాళ్ళు చంపేశారు. చనిపోయినవాళ్ళు తెల్లదొరలు కారు. గినీ అధికారులు, ఆరోగ్య సిబ్బంది, విలేఖరులు. పాస్‌పోర్టు చూస్తే అందరూ స్థానికులే, ఆ అడవి ప్రాంతం కళ్ళకు మాత్రం ప్రభుత్వం మనుషులు. స్థానికత అన్నది ఎంత దూరం నుంచి చూస్తే అంత సులువుగా కనబడుతుంది. జెనీవాకు గినీ రాజధాని కొనాక్రీ స్థానికం. హైదరాబాదుకు నస్పూర్ స్థానికం. నస్పూర్‌కు కాసిపేట మండలంలోని కోలాం గూడెం స్థానికం. గూడేనికి వీళ్ళెవరూ స్థానికులు కారు. పైగా ఊరివాడికి ఊరి కులం ఉంటుంది, పార్టీ ఉంటుంది, బాకీలు ఉంటాయి. లబ్ధిదారుల జాబితా ఎలా తయారవుతుందో మన పల్లెల్లో చూసినవాళ్ళెవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెడ్‌క్రాస్ వంటి సంస్థలు తటస్థతను అంతగా పట్టుకుని వేలాడేది ఇందుకే.

ఈ చిక్కుముడికి ఒక పాత జవాబు మన పక్కనే ఉంది. నస్పూర్ నుంచి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు దారి పట్టి, జైనూరు వైపు మళ్ళితే మార్లవాయి వస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అగత్యం సర్కారుకు వచ్చింది. అందుకు దొరికిన మనిషి వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. అప్పటికి ఆయన ఒక రకంగా ఖైదీ. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. యుద్ధం మొదలవగానే బ్రిటిషువాళ్ళు శత్రుదేశీయుడిగా లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేశారు. ఇంతకన్నా బయటోడు మరొకడు ఉండడు. ఆ మనిషి భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి నేర్చుకుని, ఊరిపెద్ద పట్లా ఇంటి ముందు కూర్చుని విన్నాడు. విన్నది సర్కారుకు రాశాడు: భూమి పోయింది, అడవి పోయింది, సాహుకారు, జంగలాతు వాళ్ళు కలిసి పీల్చేశారు, వీళ్ళ భాష వచ్చిన ఉద్యోగి ఒక్కడూ లేడు.

నిపుణుడు నివేదిక ఇచ్చి వెళ్ళిపోవడం లోకరీతి. మార్లవాయిలో అలా జరగలేదు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. ఎంచుకున్న తీరు గమనించదగ్గది. ఆ రోజుల్లో చదువుకున్న గోండులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పరీక్ష పెడితే ఎవరూ నెగ్గరు. అందుకని కాస్తో కూస్తో అక్షరం ముక్క వచ్చిన యువకులను వెతికి పట్టుకుని, గూడెం ఒప్పుకున్నవాళ్ళను మార్లవాయికి తెచ్చి, అక్కడే ఉంచి, గోండిలోనే పాఠం చెప్పడం నేర్పారు. తొలి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వచ్చాయి. ఆ మాస్టార్లు తిరిగి తమ ఊళ్ళకే బడిపంతుళ్ళుగా వెళ్ళారు. విద్యార్హతలో వెనకబడినవాళ్ళను తీసుకుని అర్హత తర్వాత అద్దడం, భాష, నమ్మకం మాత్రం ముందే ఉన్నవాళ్ళను ఎంచడం అక్కడి పద్ధతి. నేటి నియామక నోటిఫికేషన్లు సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తాయి: డిగ్రీ ముందు, 'స్థానిక సంస్కృతిపై అవగాహన' మూడు రోజుల ఓరియెంటేషన్‌లో. మూడు రోజుల్లో గోండులకు ఏడుగురు దేవుళ్ళవాళ్ళు, ఆరుగురు దేవుళ్ళవాళ్ళు ఉంటారని పవర్‌పాయింట్‌లో చెప్పొచ్చు. పెళ్ళి సంబంధం దగ్గర ఆ అంకె ఎందుకు ముఖ్యమో గూడెంలో ఒక ఎండాకాలం గడిపితే తప్ప తెలియదు.

హైమన్‌డార్ఫ్ ఒక్కడి ఘనతగా దీన్ని చెప్పుకోవడం మనకు అలవాటైంది. అది సగం నిజం. హైదరాబాద్ సివిల్ సర్వీసుకు చెందిన సేతు మాధవరావు పగడి మరాఠీ మాతృభాషగా గల అధికారి. ఆయనా గోండి నేర్చుకున్నారు. గోండి, కోలామీ భాషలకు వ్యాకరణాలు రాశారు. బదిలీ మీద వచ్చిన సర్కారు ఉద్యోగి, ఏ విశ్వవిద్యాలయమూ అడగకుండా, తాను పాలించే జనం భాషకు వ్యాకరణం రాశాడంటే ఆనాటి వ్యవస్థ ఆ పనికి జాగా ఇచ్చిందనే అర్థం. మన తెలుగు నేలకు అటు చివర, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి అంతకు చాలా ముందే సవర నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగును తలచుకునేవాళ్ళలో చాలామందికి సవర గిడుగు తెలియడు. నా మటుకు ఆ రెండూ ఒకే పని. ముగ్గురూ బయటివాళ్ళే. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది జాలిగుండె మాత్రమే కాదు, ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండగలిగిన ఉద్యోగ స్థితి, నేర్చుకున్న భాష, విన్నదాన్ని ఉత్తర్వుగా మార్చగల పలుకుబడి. భూమి పట్టాలు వేల ఆదివాసీ కుటుంబాలకు దక్కింది ఆ మూడోదాని వల్ల. గోండుల నాగోబా జాతరలో 1940లలో మొదలైన దర్బారు ఇప్పటికీ నడుస్తోందంటే, అధికారి ప్రజల దగ్గరికి వచ్చి కూర్చోవాలన్న సూత్రం కాగితం మీద కాక కేస్లాపూర్ మైదానంలో నిలబడిపోవడం వల్ల.

దీనికి విమర్శ లేకపోలేదు. తుపాకీ పేల్చిన సర్కారే మానవశాస్త్రజ్ఞుడిని పంపింది, చల్లార్చడానికే పంపింది. ఆదివాసులను విడిగా కాపాడాలనే వాదాన్ని ఘుర్యే వంటి సామాజికశాస్త్రవేత్తలు ఆ రోజుల్లోనే తప్పుబట్టారు. ఆ చర్చ తెగేది కాదు. కానీ తర్వాత ఏమైందన్నది ఈ వ్యాసానికి ఎక్కువ అవసరం. రాష్ట్రాలు మారాయి, బోధనా భాష మారింది, గోండి వాచకాలు మూలపడ్డాయి, బడులకు మైదానం నుంచి టీచర్లు వచ్చారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలో 13 మంది, జనం లెక్కలో అంతకు ఎన్నో రెట్లు. భీం నేలకొరిగిన నలభై ఏళ్ళకు, అదే కొండల్లో, సర్కారుకూ గూడేనికీ మధ్య మాట మళ్ళీ తెగిపోయి ఉంది. మంచి మనుషులను తయారుచేసే కేంద్రం ఒకటి ఉండేదన్న జ్ఞాపకం కూడా ఆఫీసుల్లో మిగల్లేదు.

ఇతర దేశాలు ఈ తయారీని ఎలా చేస్తున్నాయి? 1961లో పుట్టిన అమెరికా పీస్ కోర్ తొలినాళ్ళలో తన వలంటీర్లకు అమెరికా విశ్వవిద్యాలయాల్లోనే శిక్షణ ఇచ్చేది. తర్వాత దాన్ని వెళ్ళబోయే దేశానికే మార్చి, స్థానిక కుటుంబం ఇంట్లో సుమారు మూడు నెలలు ఉంచి భాష నేర్పించి, ఆ పైన రెండేళ్ళు పనికి పంపే పద్ధతికి వచ్చింది. జపాన్ 1965 నుంచి పంపుతున్న వలంటీర్లను కొమగానె, నిహోన్‌మత్సు కేంద్రాల్లో రెండు నెలలకు పైగా ఉంచి భాషను గట్టిగా నూరిపోస్తుంది. బంగ్లాదేశ్ సంస్థ బ్రాక్ 2002లో అఫ్గానిస్థాన్ వెళ్ళినప్పుడు, పేదరికాన్ని పుస్తకంలో కాక సొంత ఊళ్ళలో చూసిన బంగ్లా సిబ్బందిని వెంట తీసుకెళ్ళింది. క్యూబా దారి ఇంకా దూరం: 1999లో మొదలైన లాటిన్ అమెరికా వైద్య పాఠశాలలో పొరుగు దేశాల పేద పిల్లలను చేర్చుకుని, డాక్టర్లను చేసి, వాళ్ళ దేశాలకే తిప్పి పంపే పద్ధతి పెట్టింది. అది మార్లవాయి సూత్రమే, ఖండమంత కొలతలో.

ఎంపిక విషయంలో అందరికన్నా ఎక్కువ తలబద్దలు కొట్టుకున్నది కెనడా. కెన్యాలో పనిచేసిన కెనడా సలహాదారులను బ్రెంట్ రూబెన్, డేనియల్ కీలీ పరిశీలించి 1979లో ప్రకటించిన ఫలితాల్లో ఒకటి ఇప్పటికీ ఇంటర్వ్యూ బోర్డులను ఇబ్బంది పెడుతుంది. కొత్త దేశంలో తొలి నెలల్లో బాగా తల్లడిల్లిపోయినవాళ్ళలో కొందరు, చివరికి అందరికన్నా బాగా పనిచేసినవాళ్ళలో తేలారు. చలించని మనిషికి అవతలివైపు అందకపోవడమూ ఉంటుంది. రూబెన్ ఇంకో మాట కూడా చెప్పాడు: ఓపిక ఉందా, గౌరవం ఉందా అని అభ్యర్థిని అడిగితే లాభం లేదు, మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాడి వంతు రానిస్తున్నాడా లేదా అన్నది చూడాలి. బాయిపని తెలిసిన నస్పూర్ వాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. పైకప్పు గట్టిగా ఉందో లేదో టింబర్‌మెన్ కర్రతో తట్టి చెబుతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిచిన రాయి డొల్లగా మోగుతుంది. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ చప్పుడు విని ఆగుతాడా, టన్నుల లెక్క చూసుకుని ముందుకు నడుస్తాడా అన్నది ఏ ఇంటర్వ్యూలోనూ బయటపడదు. ఒక షిఫ్టు వెంట తిరిగితే బయటపడుతుంది.

ఇదంతా విదేశీ సంస్థల గొడవ కదా అనుకోవడానికి లేదు. 1964లో ఐటెక్ పేరుతో సాంకేతిక సహకార కార్యక్రమం మొదలుపెట్టిన నాటి నుంచి మన దేశమూ దాతే. 2015 ఏప్రిల్ నేపాల్ భూకంపానికి మన సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్ గంటల్లో కదిలాయి. అంత సాయం చేశాక నేపాలీలు సామాజిక మాధ్యమాల్లో 'భారత మీడియా వెళ్ళిపో' అని హోరెత్తించారు. శిథిలాల పక్కన ఏడుస్తున్న తల్లి నోటి దగ్గర మైకు పెట్టి ఎలా ఉంది అని అడిగితే ఏమవుతుందో అదే అయింది. భాష దగ్గర, మతం దగ్గర, సరిహద్దు తెరిచే ఉంది. అయినా పొరుగువాడి మనసు అందలేదు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి వెళ్ళిన 'ఆపరేషన్ దోస్త్' పరిస్థితి మెరుగు. పేరులో ఉన్న మాటే రెండు దేశాల్లోనూ స్నేహితుడని అర్థమిస్తుంది. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందంలో మహిళలూ ఉన్నారు. నేర్చుకుంటున్నామనడానికి గుర్తులే ఇవి, కానీ ఇంకా ఎవరో ఒకరి చొరవ మీద నడుస్తున్నవి, నియామక పద్ధతిగా మారనివి.

ఇక్కడే మన ఉత్తర తెలంగాణ చేతిలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆస్తి ఒకటి ఉంది. జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల పల్లెల్లో పదిహేను, ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. చదువు ఏడో తరగతి కావచ్చు. అరబ్బీలో బేరమాడగలరు, పాకిస్థానీ, బంగ్లాదేశీ, నేపాలీ సహచరులతో ఒకే గదిలో వండుకు తిన్నారు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉన్న మనిషి రాత్రి ఎలా పడుకుంటాడో తెలుసు. పశ్చిమాసియాలో మన దేశం ఒక శిబిరం నడపవలసి వస్తే, వీళ్ళకన్నా పనికొచ్చే మధ్యవర్తి దొరకడం కష్టం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశాలకు వెళ్ళే నర్సులకు జర్మన్ వంటి భాషలు నేర్పిస్తోంది, మంచిదే. తిరిగి వచ్చినవాళ్ళకు వచ్చిన భాషను నమోదు చేసుకునే రిజిస్టరు మాత్రం నేను చూడలేదు. సహాయ సంస్థల దరఖాస్తు ఫారంలో 'విదేశీ అనుభవం' అన్న గడి ఉంటుంది. అందులో మేస్త్రీ పని రాయొచ్చని ఎవరికీ తోచదు.

విధానాల సంగతికొస్తే రెండు అడ్డంకులు ముందు నిలబడతాయి. మొదటిది విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా వ్యయం పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. దుబారాకు కళ్ళెం వేయాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ ఢిల్లీలో ఉన్న పెద్ద సంస్థ ఉట్నూరులోని చిన్న సంఘానికి డబ్బిచ్చి దాని మనుషులతో పని చేయించే దారి దీంతో మూసుకుపోయింది. ప్రపంచం స్థానికీకరణ అంటున్న కాలంలోనే మనం ఆ పైపు కోసేశాం. ఇక పెద్ద సంస్థే తన సొంత సిబ్బందిని గూడేలకు పంపాలి. వాళ్ళను ఎంచడంలో, తీర్చిదిద్దడంలో చేసే పొరపాటుకు మూల్యం ఇప్పుడు రెట్టింపు.

రెండోది 3వ నంబరు జీవో. ఏజెన్సీ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన ఆ ఉత్తర్వును, నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగవిరుద్ధమంటూ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటి నుంచి ఆదివాసీ సంఘాలు దాన్ని పునరుద్ధరించాలని అడుగుతున్నాయి. వాళ్ళ ఆవేదన న్యాయమైనది. బడిలో పాఠం అర్థంకాని పిల్లవాడి తరఫున అడుగుతున్నారు. అయితే కోర్టు కొట్టేసింది పుట్టుక ఆధారంగా పెట్టిన సంపూర్ణ రిజర్వేషన్‌ను. పిల్లల భాష వచ్చి ఉండాలన్న అర్హతను కాదు. గోండి మాట్లాడే గూడెంలో పనిచేసే టీచరుకు, ఏఎన్‌ఎంకు, అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు గోండి రావాలి, రెండేళ్ళలోగా నేర్చుకోవాలి, నేర్చుకున్నవాళ్ళకు జీతంలో అదనపు భత్యం, కనీసం అయిదేళ్ళు బదిలీ లేకపోవడం అని సర్వీసు నిబంధనల్లో రాస్తే దాన్ని అడ్డుకునేది ఆ తీర్పులో నాకు కనబడలేదు. గోండు యువతకు అందులో సహజంగానే పైచేయి ఉంటుంది. పగడి లాంటి బయటివాడు వస్తే అతనికీ తలుపు తెరిచే ఉంటుంది. విదేశాంగ సర్వీసులో చేరినవాడు ఒక విదేశీ భాష నేర్చుకోక తప్పదు. నిర్బంధం కొత్తది కాదు, గోండి విషయంలో మాత్రమే కొత్త.

ఆశా కార్యకర్త విషయంలో 2005లోనే సర్కారు ఈ తర్కాన్ని ఒప్పుకుంది: ఆమె ఆ ఊరి మనిషే కావాలి, ఎంపికలో ఊరికి మాట ఉండాలి. జీతం కాకుండా పారితోషికం ఇచ్చే పోస్టుకు మాత్రమే ఆ తర్కం వర్తించడం, జీతమున్న పోస్టుకు వర్తించకపోవడం వెనక ఏముందో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

నస్పూర్‌లోని మంచిర్యాల కలెక్టరేటులో, ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో ఈ ప్రతిపాదన ఫైలుగా మారితే మొదటి నోట్ ఏమని వస్తుందో ఊహించగలను. గోండి పరీక్ష పెట్టాలంటే పరీక్షకులు ఎవరు? డిగ్రీ ఉన్నవాళ్ళు కావాలంటే కొద్దిమందే దొరుకుతారు. వచ్చినవాడు మాట్లాడింది నిజంగా గోండియేనా, చావింట్లో ఆ మాట అనొచ్చా, కూడదా అని తేల్చగలిగినవాళ్ళు పట్లా, పూజ చేసే దేవారి, కథ పాడే ప్రధాన్, కాన్పు చేసే ముసలమ్మ. వాళ్ళను జైనూరు నుంచి బస్సెక్కించి తెచ్చి, ఒక రోజు కూర్చోబెట్టి, మార్కులు వేయించి, రోజు కూలీ ఇవ్వాలి. ఆ కూలీ ఏ పద్దు కింద చూపాలన్న దగ్గర ఫైలు ఆగుతుంది.